ఈదురుగాలికి పడిన వేప, నల్లతుమ్మ: కట్టెలు ఎప్పుడు కొట్టాలి, ఎలా పేర్చాలి?

పెరటిపొయ్యి (ఒంగోలు దగ్గర పల్లె):

పోయిన వారం వచ్చిన ఈదురుగాలికి దొడ్లో వేపచెట్టు, పొలం గట్టు మీద నల్లతుమ్మ పడ్డాయి. వేప మొదలు అడుగున్నర లావు, తుమ్మ అడుగు లావు. రంపం మిషనతను వచ్చి రెండేసి అడుగుల మొద్దులుగా కోసి వెళ్లాడు. కొమ్మలు విడిగా పడున్నాయి. పక్కింటి వాళ్ల చింత మొద్దొకటి, రెండడుగుల లావుది, మా వైపే పడింది, తీసుకోమన్నారు. మొత్తం ఒక ట్రాక్టరు ట్రక్కు నిండేంత ఉంటుంది.

ఇంట్లో గ్యాసు ఉంది. కానీ స్నానాలకి నీళ్లు, గేదెలకి ఉలవలు, ఇంట్లో నలుగురూ చేరితే అన్నం, అన్నీ పెరట్లో మట్టిపొయ్యి మీదే. పోయినసారి తెచ్చిన కట్టె ప్రహరీ గోడకి ఆనించి నేల మీదే పేర్చి, పైనుంచి కిందిదాకా బరకం కప్పాం. వానాకాలం అయ్యాక చూస్తే అడుగు వరసలు చెదలు తినేశాయి, పై వరసలకి బూజు. పొయ్యిలో పెడితే ఒకటే పొగ, కట్టె చివర్ల నుంచి నురగ.

అడిగేది ఇదీ: మొద్దుల్ని ఇప్పుడు పచ్చి మీదే చీల్చాలా, ఎండాక చీల్చాలా? మృగశిరకి నెలన్నరే ఉంది, ఈలోపు ఎండుతాయా? ఎక్కడ, ఎలా పేర్చాలి? చెదలకి మందు కొట్టొచ్చా? నా దగ్గరున్నవి ఒక గొడ్డలి, ఒక సమ్మెట.

సానరాయి:

ఇప్పుడే చీల్చండి. తుమ్మ అయితే రేపటికి కూడా ఆపొద్దు. పచ్చిగా ఉన్నప్పుడు నిలువునా చక్కగా విచ్చుకుంటుంది. ఎండిందంటే చేవ ఇనుమే, గొడ్డలి ఎగిరి మీదకొస్తుంది. ఇంకో సంగతి, బెరడుతో ఉన్న మొద్దు మొద్దుగానే ఎండుతుందనుకోవడం భ్రమ. కట్టెలో నీళ్లు బయటికొచ్చేది ఎక్కువగా రెండు కోత మొహాల నుంచే, నార వెంబడి. పక్కల నుంచి వచ్చేది బాగా తక్కువ, దాన్నీ బెరడు ఆపేస్తుంది. జానెడు లావు మొద్దు ఏడాది పడున్నా కోస్తే లోపల చెమ్మ కనిపించేది అందుకే.

తుమ్మని రెండడుగులు అలాగే ఉంచి చీల్చినా పర్లేదు. వేపని మాత్రం మిషనతన్ని మళ్లీ పిలిచి అడుగు ముక్కలు చేయించండి. వేపలో నార ఒక పొర ఇటు, ఒక పొర అటు తిరిగి అల్లుకుపోయి ఉంటుంది. మొద్దు పొడవయ్యే కొద్దీ నెర్రె దారి తప్పి మధ్యలో ఆగిపోతుంది.

గొడ్డలి సంగతి. మీ దగ్గరున్నది చెట్లు నరికే పల్చటి గొడ్డలే అయ్యుంటుంది. అది మొద్దులోకి దిగుతుంది గానీ చీల్చదు, ఇరుక్కుని కూర్చుంటుంది. చీల్చడానికి బుగ్గలు ఉబ్బెత్తుగా ఉన్నది, రెండు రెండున్నర కిలోల బరువుది కావాలి. దానికి కత్తి పదును అక్కర్లేదు, ఆ మందమే కట్టెని రెండు పక్కలకి తోస్తుంది. కొత్తది కొనడం ఇష్టం లేకపోతే కమ్మరి దగ్గర రెండు ఇనప చీలలు చేయించుకోండి: జానెడు పొడవు, ఒక కొస పదునుగా, ఇంకో కొస అంగుళంన్నర మందంగా. రెండెందుకంటే ఒకటి ఇరుక్కుంటే దాన్ని విడిపించేది రెండోదే.

చీల్చే పద్ధతి. కింద ఒక లావుపాటి దిమ్మ వేసుకోండి, మోకాలికి బెత్తెడు దిగువ ఉండేలా. నేల మీద పెట్టి కొడితే దెబ్బ బలం సగం మట్టిలోకి పోతుంది, గురి తప్పితే గొడ్డలి రాయికో కాలికో తగులుతుంది. మొద్దుని దిమ్మ మధ్యలో కాకుండా, మీకు దూరంగా ఉన్న అవతలి అంచు దగ్గర నిలబెట్టండి. గురి తప్పినా గొడ్డలి దిమ్మలోకి దిగుతుంది. కాళ్లు ఎడంగా ఉండాలి. దెబ్బ దిగేటప్పుడు మోకాళ్లు కాస్త వంచితే గొడ్డలి నిలువుగా దిగుతుంది, ముంగాళ్ల వైపు తిరగదు. చెప్పులతో వద్దు, బూట్లు వేసుకోండి. కళ్లకి హార్డ్‌వేర్ షాపులో దొరికే తెల్ల కళ్లద్దాలు చాలు.

మొద్దు మొహం మీద ముందే సన్నటి నెర్రెలుంటాయి, వాటి వెంటే కొట్టండి. కణుపున్న కొస కింది వైపు ఉండాలి. లావు మొద్దుని నడిమధ్య కొట్టి రెండు చేద్దామని చూడకండి. అంచు నుంచి మూడంగుళాలు లోపలికి కొట్టి పేళ్లు తీసుకుంటూ చుట్టూ తిరగండి, చివరికి మధ్యలో చేవ మిగులుతుంది. వేప అలాగే లొంగుతుంది.

లొంగని మొద్దుకి చీల వాడండి. మొదటి దెబ్బలకి చీల టంగుటంగుమంటుంది. కట్టె పట్టు వదలడం మొదలవగానే ఆ మోత బరువెక్కుతుంది, లోపల నార తెగుతున్న చప్పుడు పటపటమని సన్నగా వినిపిస్తుంది. అప్పుడు సమ్మెట దించి ఓ క్షణం ఆగండి. నెర్రె తనంతట తనే ఇంకో రెండంగుళాలు పాకుతుంది. రెండో చీలని ఆ నెర్రె కొసన పెట్టండి, మొదటిది వదులై చేతికొస్తుంది.

రెండు తప్పులు అందరూ చేస్తారు. గొడ్డలి ఇరుక్కుంటే దాని వెనక సమ్మెటతో బాదడం ఒకటి. కామ (గొడ్డలి పిడి) దూర్చే బెజ్జం దగ్గర ఇనుము పల్చగా ఉంటుంది, అక్కడే పగులుతుంది. కామని పైకీ కిందకీ ఆడించి ఊడదీయండి, లేదా పక్కన చీల దించండి. రెండోది, చీల తల దెబ్బలకి పువ్వులా విచ్చుకున్నా అలాగే కొట్టడం. ఆ రెక్కలు తునిగి తూటాల్లా లేస్తాయి. విచ్చుకున్నప్పుడల్లా గ్రైండరుతో గీయించేయాలి.

వదులైన గొడ్డలిని రాత్రంతా నీళ్లలో నానబెట్టే అలవాటుంది. ఆ పూటకి బిగుస్తుంది, ఎండాక ముందుకన్నా వదులవుతుంది. ఎందుకంటే నానినప్పుడు ఉబ్బిన చెక్క ఇనుము మధ్య నలిగి, ఎండాక ఇంకా కుంచించుకుపోతుంది. కామ పైకొసలో ఎండు చెక్క మేకు దిగ్గొట్టడమే సరైన మార్గం.

ఎంత లావు చీల్చాలంటే, రోజువారీ కట్టె మణికట్టు లావు. ప్రతి పది ముక్కలకీ ఒకదాన్ని బొటనవేలి లావు చిదుగులుగా కొట్టి విడిగా ఉంచుకోండి.

మోదుగాకు (సిద్దిపేట దిక్కు):

కొట్టుడు గురించి పెద్దాయన మంచిగ జెప్పిండు, పేర్చుడు నేను జెప్త.

అన్నా, మీరు జేసిన తప్పులు మూడు. నేల మీద వెట్టుడు, గోడకు ఆనిచ్చుడు, బరకం కిందిదాంక కప్పుడు. చెదలు మట్టిలకెళ్లి వస్తయి, కట్టె మట్టికి తాకితే వాటికి బువ్వ వెట్టినట్టే. గోడకు ఆనిస్తే వెనుకకు గాలి పోదు, గోడ చెమ్మ కూడ కట్టెనే గుంజుకుంటది. ఇగ బరకం కప్పితే కట్టెలకెళ్లి వచ్చిన ఆవిరి బయటికి పోక పొద్దుగాల బరకం లోపలి దిక్కు చెమటలెక్క వట్టి మళ్ల కట్టె మీదనే రాలుతది. బూజు గందుకే వచ్చింది.

కింద రెండు వరుసలు రాతి కడీలు గానీ, పాత సిమెంటు స్తంభాలు గానీ, ఇటుకలు గానీ ఎయ్యాలె, జానెడు ఎత్తు. వాటి నడుమ అడుగు సందు ఉండాలె. గోడకు మూరెడు దూరం. కట్టె ఒక్క వరుసనే పేర్చాలె, ఒక కట్టె పొడుగెంతనో దొంతి వెడల్పు అంతనే. రెండు మూడు వరుసలు ఒకదానికొకటి ఆనిచ్చి పేరిస్తే నడుమది ఎండది.

రెండు కొసలకు గుంజలు పాతుతరు కొందరు. గుంజ కూడ మట్టిలనే ఉంటది కదా, చెదలకు నిచ్చెన ఏసినట్టే. దానికంటె కొసలల్ల కట్టెలు అడ్డం ఒక జత, దాని మీద పొడుగు ఒక జత పండవెట్టి, బావి ఒరలెక్క ఎత్తుకుంటె అవే ఆపుతయి. దానికి సక్కటి, ఒకే లావు కట్టెలు ఏరి పక్కకు వెట్టుకోవాలె ముందుగాల. బొడ్డెత్తుకంటె మీదికి పోవద్దు. కట్టె ఎండుతుంటె సన్నమైతది, దొంతి ఒకదిక్కు ఒరుగుతది. పిల్లలు ఆడుకునే జాగ అయితె ఇంక తక్కువ ఎత్తు.

పైన మాత్రం రేకు, జానెడు బయటికి వచ్చేటట్టు, ఒకదిక్కు వాలు. రేకు మీద రెండు రాళ్లు. రేకుకు, పై వరుసకు నడుమ నాలుగు అడ్డకట్టెలు వెడితె గాలి ఆడుతది. పక్కలు బోడిగనే ఉంచాలె. పక్కల మీద జల్లు పడ్డా ఏం గాదు, అది పైపైన తడే, ఒక్క ఎండకు ఆరుతది. కట్టె లోపలి నీళ్లు వేరు, పైన పడ్డ వాన వేరు.

ఇంకొకటి. చిదుగులకని పత్తికట్టె తెచ్చి చేను కాడ కుప్పేస్తరు మా దిక్కు. ఎండిన కాయలల్ల గులాబీ రంగు పురుగు దాక్కొని మళ్ల పంటకు తయారైతది. కందికట్టె మంచిది. పత్తికట్టె తెస్తే కాయలు దులిపి, వానలకు ముందే కాల్చుకోవాలె.

తక్కెడ:

పై ఇద్దరూ చెప్పినదానికి కొన్ని అంకెలు కలుపుతాను, ఎందుకు ఇంత తిప్పలో తెలుస్తుంది.

పచ్చి కట్టె కిలో తూస్తే అందులో నీళ్లే సుమారు 400 గ్రాములు. ఆ నీటిని ఆవిరి చేయడానికే పొయ్యి వేడి కొంత పోతుంది, అది గిన్నెకి చేరదు. మీరు చూసిన నురగ ఆ నీరే, ఆవిరితో కలిసి కోత మొహం నుంచి బయటికొస్తుంది. మంట చల్లబడటంతో కట్టె నుంచి వచ్చే వాయువులు మండకుండానే పొగై పోతాయి, గిన్నె అడుగున జిగురు మసి కడుతుంది. అదే ఎండు కట్టె మసి పొడిపొడిగా చేత్తో రాలుతుంది.

బాగా ఎండిన కట్టె కిలోకి 14 నుంచి 15 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. మామూలు మట్టిపొయ్యిలో అందులో ఏడో వంతు గిన్నెకి చేరితే గొప్ప. ఆ లెక్కన 20 లీటర్ల బకెట్టు నీళ్లు 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకి కాగాలంటే ముప్పావు కిలో పైన ఎండు కట్టె. పచ్చిదైతే ఒకటింబావు కిలో దాటుతుంది, మంట సరిగ్గా లేని నష్టం వేరే.

ఎండిందో లేదో చూడటానికి చాలామంది రెండు ముక్కలు ఒకదానికొకటి తట్టి చూస్తారు. ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే పచ్చి. మంచి పరీక్షే, కానీ తుమ్మకి నమ్మొద్దు, దాని చేవ సగం పచ్చిలో కూడా ఖంగుమంటుంది. తూకం తప్పదు. చీల్చిన రోజే మధ్యరకం ముక్కలు మూడు ఎంచి సుద్దతో గుర్తు పెట్టి, బరువు ముక్క మీదే రాయండి. ఒకటి దొంతి పైన, ఒకటి మధ్యలో, ఒకటి అడుగున ఉంచండి. ప్రతి ఆదివారం తూయండి. 2 కిలోల ముక్క 1 కిలో 400 గ్రాముల దగ్గరికి వచ్చి, వారానికి 10, 15 గ్రాములకి మించి తగ్గడం లేదంటే కట్టె పొయ్యికి సిద్ధం. చెమ్మ కొలిచే చిన్న మిషన్లు దొరుకుతాయి గానీ వాటిని కోత మొహం మీద గుచ్చితే ఎప్పుడూ తక్కువే చూపిస్తాయి. ముక్కని అప్పటికప్పుడు చీల్చి లోపలి మొహం మీద గుచ్చాలి.

గడువు గురించి. మణికట్టు లావు పేళ్లు, వడగాలి తగిలే చోట, నెలన్నర రెండు నెలల్లో ఎండిపోతాయి. చిదుగులకి పది రోజులు చాలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కట్టెకి అంతకన్నా మంచి రోజులు లేవు. ఎండాకాలం మీ వైపు వేడిగాలి పడమర నుంచి కదా, దొంతి పొడవు వైపు దానికి ఎదురుగా ఉండేలా ఉత్తర దక్షిణాలుగా పేర్చండి. మృగశిర అంటే మరీ కంగారు అక్కర్లేదు. ఒంగోలు వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో. నైరుతిలో వాన పడినా మధ్యమధ్య ఎండలుంటాయి. పైన రేకు ఉంటే మీ అసలు గడువు దసరా.

ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు (అంటే కట్టె పొడవు): ఆ దొంతి 36 ఘనపుటడుగులు. అందులో సందులు పోను కట్టె 60 శాతం. ఎండు తుమ్మ అయితే నాలుగున్నర, ఐదు క్వింటాళ్ల మధ్య తూగుతుంది. రోజుకి నాలుగు బకెట్ల నీళ్లకి ఐదు నెలలు వస్తుంది. మీ ట్రక్కుకి ఎన్ని దొంతులు, ఎంత రేకు కావాలో దీంతో లెక్కేసుకోండి.

దొడ్డివాకిలి:

సిద్దిపేట అన్నయ్య చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, జానెడు ఎత్తు తప్ప. కట్టెల కింద జానెడు సందు పాముకి కట్టించిన ఇల్లు. అడుగు ఎత్తు పెట్టండి, రెండు పక్కలా తెరిచి ఉంచండి. ఇవతల కూర్చుని వంగి చూస్తే అవతల వెలుగు కనిపించాలి. చీపురు అటునుంచి ఇటు ఆడాలి. మట్టి గొట్టాల్లా చెదలు ఇటుకల మీద పాకుతుంటే ఆ ఎత్తులోనే కంటికి దొరుకుతాయి, గీకేస్తే సరి.

పాము కట్టె కోసం రాదు, ఎలక కోసం వస్తుంది. కాబట్టి కోళ్ల గూడు పక్కన, దాణా బస్తాల పక్కన, స్నానాల నీళ్లు పారే కాలవ పక్కన దొంతి వద్దు. కట్టె తీసేటప్పుడు పై వరస నుంచే తీయాలి, మధ్యలోంచి లాగకూడదు. ముందు ఒక కర్రతో నాలుగు దెబ్బలు తట్టండి. ముక్కని సందులో వేళ్లు పెట్టి కాకుండా, కొస పట్టుకుని దొర్లించి, అడుగు వైపు చూసి ఎత్తండి. తేలు ఎప్పుడూ అడుగునే అంటుకుని ఉంటుంది, వదులుగా లేచిన బెరడు కింద మరీను. పొద్దుగూకాక దొంతి దగ్గరికి వెళ్లే పని పెట్టుకోవద్దు. మర్నాటికి కావాల్సినవి సాయంత్రం వెలుగుండగానే బుట్టలో తెచ్చుకోవాలి. కట్లపాము తిరిగేది రాత్రే, దాని కాటుకి నొప్పి కూడా సరిగ్గా తెలియదు.

మందు విషయం: కట్టె మీద చెదలమందు కొట్టొద్దు. అదే కట్టె పొయ్యిలో కాలి, ఆ పొగ వంటచేసే మనిషి పీలుస్తుంది. వాడేసిన ఇంజనాయిలు పూయడం కూడా అంతే. బూడిద చల్లితే ఒక వానదాకానే. ఎత్తు, గాలి, వారానికోసారి చూపు, ఈ మూడే పనిచేస్తాయి.

కట్టె నుంచి మెత్తటి పిండి రాలుతుంటే అది చెదలు కాదు, తొలిచే పురుగు. బెరడు కిందా, చేవ చుట్టూ ఉండే తెల్ల కట్టెలోనూ ఉంటుంది. పచ్చి మీద తుమ్మ బెరడు పట్టీలుగా ఊడొస్తుంది, చీల్చేటప్పుడే లాగేయండి. పిండి రాలే ముక్కల్ని ముందు వాడేయండి, ఇంట్లో తలుపులు, మంచాల దగ్గర నిలవ పెట్టొద్దు. పొయ్యి పైన అటక మీద కట్టె ఎక్కించే పద్ధతి పాత ఇళ్లలో ఉండేది. కట్టె బాగా ఆరేది నిజమే, నిప్పురవ్వ ఎగిరితే ఆపడం ఎవరి తరమూ కాదు. పొయ్యి నుంచి రెండు మూరల దూరంలో ఒక పూట కట్టె చాలు. గ్యాసు బండ ఉన్న గదిలో వద్దే వద్దు. పొయ్యి బూడిద ఎత్తి దొంతి పక్కన పోయకండి, అడుగున కణికలు మర్నాటిదాకా ఆరవు. దొంతికీ గడ్డివాముకీ ఎడం ఉంచండి. దీపావళి రాత్రి రేకు అంచుల కింద బరకం ముక్కలేమైనా వేలాడుతుంటే తీసేయండి, తారాజువ్వకి అవే మొదట అంటుకుంటాయి.

కొమ్మల్లో గన్నేరు కలిసి ఉంటే ఏరి పారేయండి, దాని పొగ కూడా విషమే. రంగు వేసిన పాత తలుపు చెక్కలు, ప్లైవుడ్డు కూడా పొయ్యిలోకి వద్దు. ఇంకా, పడిపోయిన చెట్టు వేరు, నిలబడి ఉన్నది వేరు. గట్టు మీద ఇంకో తుమ్మ ఉంది కదా అని కొట్టించే ముందు 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి సంగతి కనుక్కోండి.

పెరటిపొయ్యి:

చాలా సాయం చేశారండీ. గోడకి దూరంగా, ఉత్తర దక్షిణాలుగా, అడుగు ఎత్తున సిమెంటు స్తంభాల మీద మొదలుపెడతాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. వేప పేళ్లు అంచుల నుంచి తీస్తుంటే పూర్తిగా విడిపోక నార పట్టుకుని వేలాడుతున్నాయి, ఏం చేయాలి? చింత మొద్దుకి ఎన్ని చీలలు పడతాయి?

సానరాయి:

వేలాడే పేడుని చేత్తో లాగితే వేళ్లకి పేళ్లు దిగుతాయి. మొద్దుని పక్కకి పడుకోబెట్టి, నెర్రెలో మీ పల్చటి గొడ్డలి దూర్చి, ఆ నారని అడ్డంగా నరకండి. దాని పని అక్కడే. ముక్కలు ఎగిరిపడకుండా ఉండాలంటే మొద్దు పట్టేంత పాత టైరు ఒకటి దాని చుట్టూ తొడిగి కొట్టండి. వంగి ఏరుకునే పనీ తప్పుతుంది. గంటకోసారి దిమ్మ చుట్టూ ముక్కలు ఎత్తేయండి, కాలి కింద దొర్లే ముక్క వల్లే ఎక్కువమంది పడేది.

చింత జోలికి పోకండి. నార అన్ని వైపులా మెలిపడి ఉంటుంది, రెండు చీలలు దించితే రెండూ అందులోనే ఉండిపోతాయి. మాంసం కొట్టే దిమ్మగా చింతనే వాడేది అది పగలదనే కదా. రెండడుగుల లావంటే అలాంటి దిమ్మకి సరిపోతుంది, పొడవు చాలితే అడ్డంగా కోయించి రెండు చేసుకోండి. కోత మొహాలకి పేడ పూసి నీడలో ఉంచండి, ఒక్కసారిగా ఆరి నెర్రెలివ్వకుండా. ఒకటి అమ్మేసి ఆ డబ్బుతో చీలలు చేయించుకోండి, రెండోదాన్ని మీ వేప కొట్టడానికి కింద దిమ్మగా వేసుకోండి.